సైన్యాన్ని మోయడానికి ఫెర్రీలు అద్దెకు తీసుకుంటే చాలదా?

గాలివాటు:
ఆస్ట్రేలియా నౌకాదళంలో రెండేళ్ళు పనిచేసిన జెర్విస్ బే గురించి ఈమధ్య చదివాను. అది యుద్ధనౌకగా పుట్టింది కాదు. టాస్మానియాలో ఇన్‌క్యాట్ వాళ్ళు కట్టిన 86 మీటర్ల ప్యాసింజర్ కాటమరాన్, అంటే పక్కపక్కనే రెండు పొట్టలుండే ఓడ. కనింబ్లా, మనూరా అనే రెండు రవాణా ఓడలు ఇంకా యార్డులోనే ఉండటంతో 1999లో దీన్ని అద్దెకు తీసుకున్నారు. తీసుకున్న కొన్ని నెలలకే తూర్పు తిమోర్ గొడవ ముదిరింది. డార్విన్ నుంచి దిలీకి సుమారు 430 నాటికల్ మైళ్ళు. ఇది 40 నాట్ల (గంటకు 40 నాటికల్ మైళ్ళ) దగ్గర పరిగెత్తి ఒక్క రాత్రిలో దాటేసేది. మొత్తం 107 ట్రిప్పులు, దాదాపు 20 వేల మంది, 400కు పైగా బండ్లు. 2001లో ఓడను యజమానులకు తిరిగి ఇచ్చేశారు.

అందుకే అడుగుతున్నా. సైనిక రవాణా ఓడ ముప్పై ఏళ్ళు ఉంటే, అందులో నిజంగా దాని అవసరం పడేది ఎన్నాళ్ళు? మిగతా కాలమంతా దాన్ని మేపడం దేనికి? ఫెర్రీలు ఎలాగూ సముద్రం మీద తిరుగుతూనే ఉంటాయి. అవసరం వచ్చినప్పుడు అద్దెకు తీసుకుంటే సరిపోదా?

సందేహాలరావు:
పెళ్ళికి బస్సు మాట్లాడుకున్నట్టు అన్నమాట. కాకపోతే పెళ్ళి బస్సు మీద ఎవరూ క్షిపణి వేయరు.

చరిత్రపిచ్చి:
గాలివాటు గారూ, దీనికి అతి పెద్ద పరీక్ష 1982లో ఫాక్లాండ్స్ యుద్ధంలో జరిగింది. బ్రిటన్ దాదాపు 50 వాణిజ్య ఓడల్ని లాక్కుంది. లాక్కుంది అని కావాలనే అంటున్నాను. చాలావాటికి ముందు రాణి పేరు మీద ఉత్తర్వు వచ్చింది, అద్దె ఎంత అన్న మాట ఆ తర్వాత. ఇష్టపడి ఇచ్చిన యజమానులూ ఉన్నారు.

అందులో నాకు బాగా నచ్చేది నార్లాండ్ కథ. ఇంగ్లండ్‌లోని హల్ రేవు నుంచి రాటర్‌డామ్‌కు రాత్రి ఎక్కి పొద్దున దిగే ఫెర్రీ అది. రెండో పారాచూట్ బెటాలియన్‌ను ఎక్కించుకుని 13 వేల కిలోమీటర్ల దూరం పోయింది. హెలికాప్టర్లు దిగడానికి దాని మీద వేదికలు వెల్డింగ్ చేశారు. రాత్రి ప్రయాణానికి కట్టిన ఓడలో వారాల తరబడి మనుషులు ఉండాలంటే మొదట కరువయ్యేవి మంచినీళ్ళు, ఆ తర్వాత సరుకులు పెట్టుకునే చోటు. అందుకే ఇలా తీసుకున్న చాలా ఓడల్లో ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రాలు, నడిసముద్రంలో ఇంకో ఓడ నుంచి ఇంధనం పట్టుకునే ఏర్పాటు పెట్టారు.

మే 21 తెల్లవారుజామున ఫాక్లాండ్స్ తీరంలోని శాన్ కార్లోస్‌లో దిగాల్సి వచ్చింది. అక్కడ జెట్టీ లేదు. ఫెర్రీ ర్యాంపు దేనికీ పనికిరాలేదు. బరువైన మూటలు వీపున వేసుకుని, చీకట్లో పక్క తలుపుల్లోంచి ఊగిపోతున్న ల్యాండింగ్ క్రాఫ్ట్‌లలోకి (ఒడ్డుకు చేర్చే చిన్న పడవల్లోకి) ఒక్కొక్కరే దిగారు. ఆ రోజు అనుకున్న సమయానికి దిగలేకపోవడానికి ఇదీ ఒక కారణం. ఆ ల్యాండింగ్ క్రాఫ్ట్‌లు ఎక్కణ్ణించి వచ్చాయి? ఫియర్‌లెస్, ఇంట్రెపిడ్ అనే అసలైన నౌకాదళ ఓడల నుంచి. ఆ రెండూ లేకపోతే నార్లాండ్‌లో ఉన్న బెటాలియన్ కిటికీల్లోంచి ఒడ్డు చూస్తూ కూర్చోవాల్సిందే.

మెషీన్‌రూమ్:
చరిత్రపిచ్చి గారు చివర్లో చెప్పిందే అసలు సంగతి. నేను రో-రో (బండ్లు నడుపుకుంటూ ఎక్కించి దించే) ప్యాసింజర్ ఓడల ఇంజిన్ రూముల్లో పనిచేశాను, ఆ అనుభవంతో రాస్తున్నా. ఫెర్రీ ఒక్కటే సగం యంత్రం. మిగతా సగం రేవులో ఉంటుంది. ర్యాంపు ఏ ఎత్తులో ఆనాలి, బెర్త్ (రేవులో ఓడ ఆగే చోటు) పక్కన లోతెంత, ఆటుపోటుకు నీరు ఎంత తేడా పడుతుంది, కట్టేసుకునే దిమ్మెలు ఎక్కడున్నాయి, ఇవన్నీ ఆ రూటు చూసుకునే ఓడ కడతారు. రోజూ పోయే బెర్త్‌లో పది నిమిషాల్లో దించే లారీలను, కొత్త రేవులో ర్యాంపు ఒక మీటరు పైకి నిలిచిందంటే అసలు దించలేం.

జెర్విస్ బే విజయానికి కారణం దాని వేగం అంటారు. దిలీ రేవు తమ వాళ్ళ చేతుల్లో ఉంది, దారిలో కాల్చేవాడు లేడు. ఆ రెండూ కుదిరాకే వేగం పనికొచ్చింది.

గాలివాటు:
ఒప్పుకుంటాను, కానీ నేను తీరం మీద దాడి గురించి అడగలేదుగా. మామూలు రవాణా గురించే. ఒకినావాలోని అమెరికా మెరైన్లు 2001 నుంచి ఆస్టల్ కట్టిన వెస్ట్‌ప్యాక్ ఎక్స్‌ప్రెస్ అనే 101 మీటర్ల ఫెర్రీని ఏళ్ళ తరబడి అద్దెకు వాడారు. బోలెడు విమానాలు తిప్పాల్సిన బెటాలియన్‌ను, దాని బండ్లను ఒక్క ట్రిప్పులో తీసుకెళ్ళేది. ఎక్కేది రేవులో, దిగేది రేవులో.

మెషీన్‌రూమ్:
దానికైతే నూటికి నూరు పాళ్ళు సరిపోతుంది. అలాంటి పనికి యుద్ధనౌక పెట్టడమే దండగ.

కార్గోడెస్క్:
ఓడల అద్దె ఒప్పందాలు చూసే పనిలో ఉన్నాను, కాబట్టి కాగితాల వైపు నుంచి చెప్తాను. ఇక్కడ అందరూ ఓడ గురించి మాట్లాడుతున్నారు, కొంపలు మునిగేది మాత్రం ఒప్పందం దగ్గరే.

ముఖ్యంగా రెండు దార్లు ఉన్నాయి. బేర్‌బోట్ చార్టర్ అంటే ఉత్త ఓడ మాత్రమే ఇస్తారు, సిబ్బంది, నిర్వహణ, బీమా అన్నీ తీసుకున్నవాళ్ళవే. జెర్విస్ బే ఆ తరహా. అందుకే నౌకాదళ సిబ్బందిని పెట్టి, లాంఛనంగా నౌకాదళంలో చేర్చుకుని నడిపారు. టైమ్ చార్టర్ అంటే ఓడ, కెప్టెన్, సిబ్బంది అన్నీ యజమానివి. ఎక్కడికి వెళ్ళాలో మాత్రం అద్దెకు తీసుకున్నవాళ్ళు చెప్తారు. ఇది చవక, త్వరగా తెమిలిపోతుంది. చిక్కల్లా దీంట్లో ఉండే యుద్ధ క్లాజు. ఆ సముద్రం ప్రమాదకరం అని కెప్టెన్‌కు సహేతుకంగా అనిపిస్తే వెళ్ళనని చెప్పే హక్కు మామూలు ఫారాల్లో ఉంటుంది. మామూలు హల్ బీమా, అంటే ఓడకు చేసే బీమా, యుద్ధ నష్టాన్ని కవర్ చేయదు. దానికి వేరే వార్ రిస్క్ ప్రీమియం కట్టాలి. గొడవ ముదిరేకొద్దీ అది రోజురోజుకీ మారిపోతుంది. సైన్యానికి ఓడ కావాల్సింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

సందేహాలరావు:
అంటే శాంతి ఉన్నంతకాలం సైన్యాన్ని మోస్తాను, యుద్ధం వస్తే మాత్రం నన్ను అడగొద్దు అని ముందే రాసుకుంటారన్నమాట. బాగుంది.

కార్గోడెస్క్:
నవ్వుతారు గానీ, యుద్ధం అక్కర్లేకుండానే ఇంతకన్నా పరువు తక్కువ పని కెనడాకు జరిగింది. 2000లో కొసావో నుంచి సైనిక సామాగ్రిని ఇంటికి తేవడానికి కేటీ అనే రో-రో ఓడను మధ్యవర్తి ద్వారా మాట్లాడుకున్నారు. వందల కొద్దీ బండ్లు, కంటెయినర్లు, అంటే సైన్యం సామాగ్రిలో చెప్పుకోదగ్గ భాగం ఆ ఒక్క ఓడలో ఉంది. మధ్యలోవాళ్ళకీ యజమానికీ డబ్బుల దగ్గర తేడా వచ్చింది. కెనడా కట్టాల్సింది కట్టానంటుంది, యజమాని నాకు ముట్టలేదంటాడు. ఓడ రేవుకు రాకుండా అట్లాంటిక్‌లో చక్కర్లు కొడుతూ కూర్చుంది. చివరికి ఆగస్టులో కెనడా యుద్ధనౌక అథబాస్కన్ వెళ్ళి, హెలికాప్టర్ నుంచి నావికుల్ని ఓడ మీదికి దించి, తమ సామాన్లు తామే పట్టుకొచ్చుకున్నారు.

ఇందులో శత్రువు ఎవరూ లేరు. ఉన్నదల్లా సబ్ కాంట్రాక్టు. అందుకే ఎప్పుడూ చెప్తాను, ఒప్పందం నేరుగా యజమానితో చేసుకోవాలి, ఓడ ఏ దేశపు జెండా కింద ఉందో ముందు చూసుకోవాలి. తమ జెండా కింద ఉన్న ఓడనైతే అవసరమైతే ప్రభుత్వం చట్టప్రకారం స్వాధీనం చేసుకోగలదు. పరాయి జెండా ఓడతో ఆ ధీమా ఉండదు.

నీలికెరటం:
నాదో చిన్న సందేహం. ఆ సిబ్బంది సంగతేంటి? నార్లాండ్‌లో స్టీవార్డులు, వంటవాళ్ళు కూడా యుద్ధానికి వెళ్ళారా?

చరిత్రపిచ్చి:
వెళ్ళారండీ. ఫాక్లాండ్స్‌కు వెళ్ళిన చాలా ఓడల్లో వాణిజ్య సిబ్బందే పనిచేశారు. ఒప్పుకున్నవాళ్ళకి అదనపు భత్యం ఉండేది. అలాంటి ఓడల్లో ఒక చిన్న నౌకాదళ బృందం ఎక్కేది. కెప్టెన్ కెప్టెనే, పక్కన సీనియర్ నౌకాదళ అధికారి. ఎవరి మాట నెగ్గాలనేది కాగితం మీదకన్నా ఆ ఇద్దరి స్వభావాన్ని బట్టే నడిచి ఉంటుంది.

యుద్ధం ముగిశాక ఇంకో తమాషా. సెయింట్ ఎడ్మండ్ అనే ఉత్తర సముద్రపు ఫెర్రీని 1983లో రక్షణ శాఖ కొనేసి, కెరెన్ అని పేరు మార్చి, అసెన్షన్ దీవికీ ఫాక్లాండ్స్‌కీ మధ్య సైనికుల్ని తిప్పాలనుకుంది. జీతాల దగ్గర నావికుల యూనియన్‌తో పేచీ వచ్చింది. దాంతో ఫెర్రీని అమాంతం నౌకాదళంలో చేర్చుకుని నౌకాదళ సిబ్బందితోనే బయల్దేరదీశారు.

అందరికన్నా గట్టిగా అడ్డం తిరిగింది జపాన్ నావికుల యూనియన్. 2016లో అక్కడి రక్షణ శాఖ నచ్చన్ వరల్డ్, హకువో అనే రెండు ఫెర్రీలను దీర్ఘకాలపు ఒప్పందంతో తీసుకుంది. మామూలు రోజుల్లో విన్యాసాలకు, భూకంపాలప్పుడు సహాయానికి వాడుకోవాలని. కుమమొతో భూకంపం వచ్చినప్పుడు హకువోను బాధితులకు బసగా కూడా పెట్టారు. అయితే పౌర నావికుల్ని రిజర్వు సైనికులుగా చేర్చుకుంటామనేసరికి యూనియన్ ఒప్పుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇలా లాక్కెళ్ళిన వాణిజ్య ఓడల్లో 60 వేల మందికి పైగా నావికులు చనిపోయారు. ఆ సంగతి వాళ్ళు మర్చిపోలేదు.

నీలికెరటం:
60 వేలా! ఎస్కార్ట్ లేకుండా పంపేవాళ్ళేమో కదా.

చరిత్రపిచ్చి:
చాలాకాలం సరైన కాన్వాయ్‌లు లేవు. అమెరికా జలాంతర్గాములకు వాణిజ్య ఓడలే ముఖ్యమైన గురి. దాని మీద వేరే థ్రెడ్ పెట్టుకుందాం, ఇక్కడ మొదలుపెడితే ఆగను.

కార్గోడెస్క్:
సిబ్బంది చిక్కుకు బ్రిటన్ తర్వాత ఒక మధ్యేమార్గం పట్టింది. పాయింట్ తరగతి రో-రో ఓడలు కంపెనీవే, సిబ్బంది కంపెనీ ఉద్యోగులే, కానీ వాళ్ళు ముందే స్పాన్సర్డ్ రిజర్వు ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్ళు. పిలుపు వచ్చిన రోజు అదే మనిషి, అదే ఓడలో, సైనిక హోదాలోకి మారతాడు. సైన్యానికి అవసరం లేనప్పుడు కంపెనీ కొన్ని ఓడల్ని మామూలు సరుకు రవాణాకు వాడుకునేది. నా దృష్టిలో ఇప్పటివరకు చూసిన వాటిలో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు ఇదే. అప్పటికప్పుడు అద్దెకు పరిగెత్తడం కాదిది, సావకాశంగా కూర్చుని బేరమాడుకున్నది.

దూరపుదీపం:
చట్టం వైపు ఒక మాట. సైనికుల్ని ఎక్కించుకున్న క్షణం నుంచి ఆ ఫెర్రీ చట్టబద్ధమైన సైనిక లక్ష్యం. తెల్ల రంగు ఉన్నా, డెక్ మీద ఐస్‌క్రీం దుకాణం ఉన్నా దానికి పౌర ఓడ రక్షణ ఉండదు. వాణిజ్య ఓడను పూర్తిగా యుద్ధనౌకగా మార్చాలంటే 1907 నాటి హేగ్ ఒప్పందం షరతులు ఉన్నాయి: ప్రభుత్వ అధికారం కింద ఉండాలి, కమాండర్ నౌకాదళ అధికారి కావాలి, సిబ్బంది సైనిక క్రమశిక్షణ కింద ఉండాలి, యుద్ధనౌక గుర్తులు బయటికి కనపడాలి. జెర్విస్ బే ఈ షరతులకు సరిపోయింది. టైమ్ చార్టర్ మీద తిరిగే ఫెర్రీ సరిపోదు, అది సహాయక ఓడ మాత్రమే. దెబ్బ తినడానికి అర్హత ఉంది, తానుగా దాడి చేసే హక్కు లేదు.

చైనా సంగతి ఎవరూ ఎత్తలేదేం? బోహాయ్ జలసంధిలో యాంటాయ్, దాలియన్ మధ్య తిరిగే పెద్ద రో-రో ఫెర్రీలను సైన్యం ఏటా విన్యాసాల్లో వాడుతోంది. అక్కడ తేడా ఏంటంటే, ఓడ కట్టేముందే సైన్యం అవసరాలు చెప్తుంది. 2015లో దీనికి సాంకేతిక ప్రమాణాలు తెచ్చారు. 2017 జనవరి నుంచి రక్షణ రవాణా చట్టం అమల్లో ఉంది. కొన్ని ఫెర్రీల వెనక ర్యాంపును నీళ్ళలోకి దిగేలా మార్చి, ఉభయచర వాహనాల్ని సముద్రంలోకే వదిలే అభ్యాసాలు కూడా చేశారు. రేవు లేకపోతే ఫెర్రీ పనికిరాదు అన్న మెషీన్‌రూమ్ గారి అభ్యంతరానికి వాళ్ళు వెతుకుతున్న జవాబు అదే.

మెషీన్‌రూమ్:
చూశాను. నీళ్ళు కదలకుండా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. అలలున్నప్పుడు తెరిచిన వెనక తలుపుతో ఆగిన రో-రో ఓడలో ఉండాలని నాకు లేదు.

ఎందుకో చెప్తాను. మామూలు సరుకు ఓడ లోపల అడ్డుగోడలు ఉంటాయి, ఒక గది మునిగినా మిగతావి తేలుస్తాయి. రో-రో ఓడ బండ్ల డెక్ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే హాలు. దాంట్లోకి కొద్దిపాటి నీరు వచ్చినా అది ఒక పక్కకి జారుతుంది, ఓడ ఒరుగుతుంది, ఒరిగితే ఇంకా నీరు అటే పోతుంది. 1987లో హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ ముందు తలుపు మూయకుండా బయల్దేరి నిమిషాల్లో పక్కకి పడిపోయింది, 193 మంది పోయారు. 1994లో ఎస్టోనియా, 852 మంది. ఆ రెండింటినీ ఎవరూ కాల్చలేదు. ఇక టార్పెడోయో డ్రోనో తగిలితే ఏమవుతుందో ఊహించుకోండి. యుద్ధనౌకలో అన్ని అడ్డుగోడలు, అన్ని పంపులు, మంటలార్పే బృందాలు ఊరికే పెట్టరు. ఆ ఖర్చులో సగం దెబ్బ తిన్నాక తేలి ఉండటానికే.

వేగం కోసం అల్యూమినియంతో కడితే ఇంకో తంటా. స్టీలు కన్నా చాలా ముందే వేడికి మెత్తబడిపోతుంది. స్విఫ్ట్ అనే కాటమరాన్‌ను మొదట అమెరికా నౌకాదళం అద్దెకు వాడింది, తర్వాత ఎమిరేట్స్ చేతికి వెళ్ళింది. 2016 అక్టోబరులో యెమెన్ దగ్గర దాని మీద క్షిపణి పడింది. మునగలేదు గానీ ముందు భాగం కాలిపోయింది. ఆ ఫొటోలు చూస్తే చాలు.

గాలివాటు:
ఫాక్లాండ్స్‌లో మాత్రం నార్లాండ్, అలాగే తీసుకున్న పెద్ద ప్యాసింజర్ ఓడ కాన్‌బెర్రా, రెండూ దెబ్బ తగలకుండా బయటపడ్డాయి కదా?

చరిత్రపిచ్చి:
పడ్డాయి. మే 21న తెల్లటి కాన్‌బెర్రా శాన్ కార్లోస్ నీళ్ళలో పగలంతా నిలబడే ఉంది. అర్జెంటీనా పైలట్లు చుట్టూ ఉన్న యుద్ధనౌకల మీద పడ్డారు. ఆ రోజు తిన్న దెబ్బలకే ఆర్డెంట్ అనే బ్రిటిష్ యుద్ధనౌక మునిగింది. అదే వారంలో, 25న, వాణిజ్య ఓడ అట్లాంటిక్ కన్వేయర్‌కు ఎక్సోసెట్ క్షిపణి తగిలింది. 12 మంది చనిపోయారు, మూడు చినూక్ హెలికాప్టర్లు కాలిపోయాయి. హెలికాప్టర్లలో పోవాల్సిన సైనికులు దీవి అడ్డంగా నడిచారు. ఒక అద్దె ఓడ పోతే మొత్తం యుద్ధ ప్రణాళికే మారిపోయింది.

సందేహాలరావు:
నార్లాండ్ తిరుగు ప్రయాణంలో అర్జెంటీనా ఖైదీలను వాళ్ళ దేశంలో దించి వచ్చిందట కదా? ఆ విషయంలో మాత్రం పక్కా ఫెర్రీయే. అటూ ఇటూ ప్రయాణికులు.

నీలికెరటం:
భారత్ ఎప్పుడైనా ఇలా ఫెర్రీలు తీసుకుందా?

దూరపుదీపం:
యుద్ధానికి కాదు గానీ, మనుషుల్ని తరలించడానికి తీసుకుంది. 2011లో లిబియా నుంచి మనవాళ్ళను తేవడానికి స్కాటియా ప్రిన్స్ అనే ఫెర్రీని అద్దెకు మాట్లాడి బెంఘాజీకి పంపారు. అక్కణ్ణించి అలెగ్జాండ్రియాకు చేర్చింది. అదే ఓడ ఆ ఏడాదే తూత్తుకుడి, కొలంబో మధ్య ప్రయాణికుల సర్వీసుగా కొన్ని నెలలు తిరిగింది. 2015లో యెమెన్ సంక్షోభమప్పుడు లక్షద్వీప్ ఓడలు కవరత్తి, కోరల్స్ కొచ్చి నుంచి జిబూటీ వైపు వెళ్ళాయి. యుద్ధనౌకలు ప్రమాదకరమైన రేవుల్లోకి, ప్యాసింజర్ ఓడలు సురక్షితమైన రేవు దాకా. ఆ పని విభజన నాకు సబబుగా అనిపిస్తుంది.

మెషీన్‌రూమ్:
ఒక్క మాట కలుపుతాను. లక్షద్వీప్, అండమాన్ ఓడలు సరుకు క్రేన్‌తో ఎత్తే రకం. బండి నడుపుకుంటూ ఎక్కించే ర్యాంపు లేదు. మనుషులకు బాగుంటాయి, ట్రక్కులకు కాదు. అద్దె జాబితా రాసుకునేవాళ్ళు ఓడల్ని లెక్కపెట్టడంతో ఆపకూడదు. ర్యాంపు ఎన్ని టన్నులు మోస్తుంది, డెక్ మీద ఒక ఇరుసుకు ఎంత బరువు ఆగుతుంది, అదీ రాసుకోవాలి. కార్ల కోసం వేసిన డెక్ మీదికి 60 టన్నుల ట్యాంకు ఎక్కదు.

అలాగని బరువు తక్కువైతే మంచిదనీ కాదు. న్యూజిలాండ్ 1994లో ఒక డెన్మార్క్ రో-రో ఓడను కొని చార్లెస్ అపామ్ అని పేరు పెట్టింది. నిండా సరుకుతో తిరగడానికి కట్టిన ఓడ. సైన్యం బండ్లు దానికి ఏ మూలకీ చాలలేదు. కింద బరువు ఎక్కువ, పైన ఖాళీ. అలాంటి ఓడ ఒరిగితే గభాల్న వెనక్కి కొడుతుంది, లోపలున్నవాళ్ళకి నరకం. సరిచేయడానికి డబ్బు పెట్టలేక, చివరికి దాన్ని స్పెయిన్ కంపెనీకి అద్దెకిస్తే మధ్యధరాలో నిమ్మజాతి పండ్లు మోసింది. 2001లో అమ్మేశారు.

సందేహాలరావు:
నౌకాదళం ఓడ కమలాపళ్ళు మోయడం! గాలివాటు గారూ, మీ ప్రశ్న తిరగేసి అడగాల్సింది.

కార్గోడెస్క్:
అదొక్కటే కాదు. హవాయి సూపర్‌ఫెర్రీ కంపెనీ దివాలా తీశాక దాని రెండు కాటమరాన్లు అమెరికా ప్రభుత్వం చేతికి వచ్చాయి. 2010లో హైతీ భూకంపానికి వాటిని పంపారు. 2012లో నౌకాదళం తీసుకుంది. ఒకటి గువామ్ పేరుతో, మీరు పైన చెప్పిన వెస్ట్‌ప్యాక్ ఎక్స్‌ప్రెస్ స్థానంలోకి వెళ్ళింది. రెండోదాన్ని 2016 నుంచి కెనడా ఫెర్రీ కంపెనీ ఒకటి నౌకాదళం దగ్గర అద్దెకు తీసుకుని, నోవా స్కోషియా నుంచి అమెరికాకు టూరిస్టుల్ని తిప్పుతోంది.

గాలివాటు:
అయితే నా ప్రశ్న కుదించి అడుగుతాను. అద్దె ఓడ మీదే ఆధారపడే నౌకాదళం ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి? ఓడ దొరికాక హెలిడెక్ వెల్డింగ్ చేయడానికి కొన్ని రోజులు చాలని 1982లో తేలింది కదా.

మెషీన్‌రూమ్:
ఆ కొన్ని రోజుల్లో అయిందంటే యార్డులు, వెల్డర్లు, స్టీలు ప్లేట్లు అప్పుడు చేతిలో ఉన్నాయి కాబట్టి. ఏ ఫెర్రీకి హెలిడెక్ ఎక్కడ పెట్టాలో డ్రాయింగులు ముందే గీసి ఉంచుకోవాలి. ఓడ కట్టేటప్పుడే ఆ చోట డెక్ కింద బలం ఎక్కువ వేయిస్తే ఖర్చు తక్కువ, తర్వాత పని సగం. ఇంధనం పట్టుకునే పైపు కనెక్షన్ కూడా అంతే. ఇంకొకటి, ఏడాదికి ఒకసారైనా నిజమైన బండ్లతో, నిజమైన డ్రైవర్లతో ఎక్కించి దించి చూడాలి. ఆర్మీ డ్రైవర్‌కు ఓడ లోపల వెనక్కి తిప్పడం రాదు, బండిని డెక్‌కు కట్టే లాషింగ్ గొలుసు ఎక్కడ తగిలించాలో తెలీదు. మొదటిసారి మూడు రెట్ల టైం పడుతుంది.

కార్గోడెస్క్:
నా వంతు: అద్దె రేటు, యుద్ధ బీమా ఎవరు కట్టాలి, సిబ్బంది భత్యం, ఓడ పోతే పరిహారం ఎంత, ఇవన్నీ సంతకం అయిపోయి డ్రాయర్లో ఉండాలి. రెండోది, ఫెర్రీని తీసుకెళ్ళిపోతే ఆ రూటు మీద బతికే దీవుల జనానికి సరుకులు ఎవరు తేవాలి అనేది. దాన్ని ఎవరూ రాసిపెట్టుకోరు. ఫెర్రీ ఖాళీగా ఎక్కడా పడి ఉండదు, ఎవరో ఒకరికి అవసరమై తిరుగుతూనే ఉంటుంది.

నీలికెరటం:
ఆ చివరి పాయింటు మీద ఏ దేశమైనా ప్లాన్ పెట్టుకుందా? తెలిసినవాళ్ళు ఉంటే రాయండి.